చిన్నాకి, అమ్మ రాసేది

చిన్నా,

నీ ఫోన్ వచ్చి మూడు వారాలైంది. వరసగా నైట్ డ్యూటీలు పడ్డాయని అక్క చెప్పింది, నిద్ర చెడగొట్టడం ఎందుకని నేనూ చేయలేదు. నాన్నగారి మోకాలు తగ్గుముఖం పట్టింది. నీ నీలం దుప్పటి అటక మీద దొరికితే ఉతికి ఉంచాను. అరిగిన ఆ బూట్లు మార్చావా? స్ట్రెచర్ పట్టుకుని తడి నేల మీద జారితే నీకూ దెబ్బే, పేషెంట్‌కీ దెబ్బే.

మొన్న బాబాయి ఒక మాట అన్నాడు. మీ అంబులెన్సులో ఉలుకూ పలుకూ లేని ఒకావిడ చేయి పైకెత్తి ముఖం మీద వదిలేశారట, నటిస్తోందేమో చూద్దామని. వదిలింది నువ్వని ఆయన అనలేదు. నేనూ అడగలేదు.

బుజ్జి పరీక్షలు బాగా రాసింది. నిన్ను అడిగానని చెప్పమంది.

మా రోజుల్లోనూ అలా చేసేవాళ్లురా. చేయి పక్కకు పడితే నాటకం, ముఖం మీద పడితే నిజం అనేవాళ్లు. దాంతో ఏదీ తేలదు, ముక్కుకు దెబ్బ తగలడం తప్ప. ముక్కు దగ్గర అమ్మోనియా పెట్టడమూ అంతే.

నేను ఆసుపత్రి ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒకావిడను తెచ్చారు. కదలదు, పలకదు. ఇంట్లో గొడవ జరిగిందని తెలియగానే యాక్టింగ్ అనేశారు. పిడికిలితో రొమ్ము ఎముక మీద గట్టిగా రుద్దారు, ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు. చర్మం కమిలిపోయింది. నేనూ అక్కడే ఉండి నోరెత్తలేదు. రాత్రి అందరూ వెళ్లాక కళ్లు తుడుస్తూ రెప్పలెత్తి, "అమ్మా, వినిపిస్తుంటే పైకి చూడు" అన్నాను. చూసింది. కిందికి అన్నాను. చూసింది. నా చేతులు వణికాయి. మెదడు కాండంలో స్ట్రోక్. ఒళ్లంతా చచ్చుబడింది, తెలివి మాత్రం పూర్తిగా ఉంది. తర్వాత మేం అక్షరాలు చదువుతుంటే రెప్ప వేసి మాటలు కూర్చేది. మొదట కూర్చిన మాట "విన్నాను".

పాఠాలు చెప్పకూడదనే మొదలుపెట్టాను, ఆగడం లేదు. ముందు శ్వాస, నాడి. షుగర్ చూడకుండా ఏ మాటా అనకు. కంటిపాపలు చూడు. పేరు పెట్టి పిలిచి, ఏం చేయబోతున్నావో చెప్పి ముట్టుకో. అప్పటికీ స్పందన లేకపోతేనే నొప్పి పెట్టి చూడు. వేలి కొస మీదో, మెడకీ భుజానికీ మధ్య కండరం మీదో మెల్లగా పెంచుతూ నొక్కు, 10 సెకన్లు దాటకూడదు. వెన్నుకు దెబ్బ తగిలి ఉంటే వేలు నొక్కినా తెలియకపోవచ్చు, భుజం దగ్గరా చూడాలి. రొమ్ము ఎముక జోలికి పోకు. 1974లో వచ్చిన గ్లాస్గో స్కేలు 3 నుంచి 15 దాకా స్పందన ఎంతుందో చెబుతుంది, అంతే. మనిషి అబద్ధమాడుతోందా లేదా అన్నది దాంట్లో లేదు. అందుకే "నటిస్తోంది" అని రాయకు. "కళ్లు తెరవలేదు, వేలు నొక్కితే చేయి వెనక్కి లాక్కుంది" అని చూసిందే రాయి. ఒకవేళ కావాలనే కళ్లు మూసుకుందనుకో, ఏ కష్టమూ లేకుండా మూసుకుంటుందా?

డ్యూటీ దిగాక వేళకు తిను, ఫోన్ చూస్తూ పడుకోకు. దుప్పటి అక్కతో పంపిస్తాను.

ఆదివారం ఒక్కసారి ఫోన్ చెయ్యి చిన్నా. ఆ చేయి వదిలింది నువ్వేనా? నువ్వైనా సరే, చెప్పు. వింటాను.

అమ్మ