భాకరాపేట ఘాట్‌లో ఆదుకున్న వ్యాన్ అన్నకూ, గేర్‌బాక్స్ బాగుచేసిన మెకానిక్ అన్నకూ కృతజ్ఞతలు

నా 150 సీసీ బండి మూడో గేరు ఇప్పుడు గట్టిగా నిలబడుతోంది. అందుకు ఇద్దరికి నలుగురి ముందు థాంక్స్ చెప్పుకోవాలి. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

మదనపల్లె నుంచి తిరుపతి వస్తున్నాం, వెనక మా అమ్మ. భాకరాపేట దాటి ఘాట్ దిగుతుంటే, రేస్ వదిలిన ప్రతిసారీ మూడో గేరు టక్కుమని జారి న్యూట్రల్ పడినట్టయ్యేది. గేరు జారితే ఇంజన్ పట్టు ఉండదు, భారమంతా బ్రేకుల మీదే. ఆ మలుపుల్లో తిరిగేవాళ్ళకు నా టెన్షన్ వేరే చెప్పక్కర్లేదు. పక్కకు ఆపుకుని నిలబడితే టొమాటో లోడు వ్యాన్ ఒకటి ఆగింది. డ్రైవరన్న సంగతి విని అమ్మను క్యాబిన్‌లో కూర్చోబెట్టుకున్నాడు. "సామీ, నువ్వు రెండో గేర్లోనే నిదానంగా పో, ఎనకాల్నే నేనొస్తా" అన్నాడు. రెండు ఇండికేటర్లూ వేసి, ఘాట్ దిగేదాకా నా వెనకే వచ్చాడు. అది మార్కెట్‌కు టైముకు చేరాల్సిన సరుకు. అన్నా, ఆ మేలు మా ఇంట్లో ఎవరం మరిచిపోము.

ఇక చంద్రగిరి మెకానిక్ అన్న గురించి. అంతకుముందు ఒకచోట క్లచ్ ప్లేట్లు మార్చి పంపారు, జబ్బు అలాగే ఉంది. ఈ అన్న స్పానర్ పట్టుకోకముందే ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఏ గేరు? అన్నీ జారుతున్నాయా, ఒక్కటేనా? రేస్ ఇచ్చినప్పుడా, వదిలినప్పుడా? తర్వాత తనే ఒక రౌండ్ వేసొచ్చాడు. క్లచ్ జారితే ఇంజన్ అరుస్తుంది గానీ గేరు గేర్లోనే ఉంటుందట. అన్ని గేర్లూ జారితే స్టార్ ప్లేట్ దగ్గరి స్టాపర్ (పడిన గేరును కదలకుండా పట్టి ఉంచేది), దాని స్ప్రింగ్ మీద అనుమానం. ఒక్కటే జారుతోందంటే తప్పు లోపల ఆ గేరు దగ్గరే. అయినా తక్కువ ఖర్చుతో పోతుందేమోనని క్లచ్ కేబుల్, గేర్ పెడల్, స్టాపర్ స్ప్రింగ్ అన్నీ ముందు చూశాడు. ఆయిల్ దించి అరచేతిలో వేసుకుని వెలుతురులో చూపిస్తే, సన్నటి ఇనప రజను తళతళలాడుతోంది. అప్పుడే ఇంజన్ దించాలని చెప్పి, ఎంతవుతుందో లెక్కేసి, "ఇంట్లో అడిగి చెప్పు" అన్నాడు.

విప్పాక పిలిచి మరీ చూపించాడు. గేరు పక్కన బుడిపెల్లా ఉంటాయే, డాగ్స్, అవి పక్క గేరులోకి దూరితేనే గేరు పడ్డట్టు. కొత్త గేరు మీద నా వేలు పెట్టించాడు, అంచు గోరుకు తగిలింది. పాతదాని మూలలు నున్నగా గుండ్రంగా అరిగిపోయి ఉన్నాయి. డాగ్స్ అంచును కాస్త లోపలికి వాలుగా కోస్తారు. దాంతో లోడు పడేకొద్దీ రెండు గేర్లూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. మూలలు అరిగితే అదే లోడు వాటిని విడగొడుతుంది. ఆ తోపుడంతా గేర్లను పక్కకు జరిపే సెలెక్టర్ ఫోర్క్ మీద పడి, దాని కొన వేడికి నీలం రంగు తిరిగింది, మందం కూడా తగ్గింది. "గేరు మార్చి ఫోర్క్ వదిలేస్తే కొత్తది కూడా పూర్తిగా దూరదు, మళ్ళీ అరుగుతుంది" అన్నాడు. అందుకే కలిసే గేర్లు రెండూ, ఫోర్క్, కొత్త సర్‌క్లిప్‌లు, గ్యాస్కెట్లు వేశాడు. పార్టు నంబర్లు రాసుకుని తిరుపతి వెళ్ళి స్పేర్లు తెచ్చింది కూడా తనే.

బిల్లు ముందు చెప్పిన లెక్కే అయింది. పాత సామాన్లన్నీ కవర్లో పెట్టి ఇచ్చాడు. ఆ మీదట నన్ను వెనక కూర్చోబెట్టుకుని అదే ఘాట్ ఎక్కి, మూడో గేర్లో రేస్ వదిలి దిగి చూపించాడు. ఒక్కసారి కూడా జారలేదు. అన్నా, పనితనానికీ, ఓపిగ్గా చెప్పినదానికీ చేతులెత్తి దండం.

చంద్రగిరి, పాకాల వైపు ఎవరి బండికైనా ఇలా గేరు జారుతుంటే నాకు మెసేజ్ పెట్టండి. అన్నను అడిగి షాపు దారి చెప్తాను.