గ్యాస్ లీకు చిన్నదైతే వదిలేస్తారా?

సంపాదకులకు నమస్కారం.

2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గ్యాస్ పైప్‌లైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. కోనసీమ వాళ్లం ఆ మంటలను ఎలా మర్చిపోతాం? మొన్న మా చేనుగట్టు పక్క బోదెలో నీళ్లు ఉడుకుతున్నట్టు బుడగలు వచ్చాయి. గ్యాస్ కంపెనీ వాళ్లకు ఫోన్ చేస్తే రెండో రోజుకు వచ్చి, ‘చిన్న లీకే, టెన్షన్ పడకండి’ అని వెళ్లిపోయారు. ఆ గ్యాస్‌లో ఎక్కువ భాగం మీథేన్. 20 ఏళ్ల కాలానికి లెక్కేస్తే అది అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 80 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. అంటే మంట అంటుకోకపోయినా నష్టమే. లీకులను పట్టే కెమెరాలున్నాయి. రిపేరు సమయంలో పైపులోని గ్యాస్‌ను గాలికి వదలకుండా కంప్రెసర్‌తో పక్క లైన్లోకి మళ్లించవచ్చు. ఇవన్నీ మా ఊళ్లలోనూ చేయాలి. తనిఖీ వివరాలు పంచాయతీ బోర్డు మీద పెట్టాలి.

— ఒక రైతు, కోనసీమ