అది ‘లూగే’ కాదు, ‘ల్యూజ్’

సంపాదకులకు నమస్కారం.

శీతాకాల ఒలింపిక్స్ జరిగిన రోజుల్లో మీ క్రీడల పేజీలో, మంచు దారిలో చిన్న బండి మీద పడుకుని జారే ఒకే ఆటను ఒకనాడు ‘లూగే’ అనీ, మర్నాడు ‘లగ్’ అనీ, ఫొటో కింద ‘మంచు స్కేటింగ్’ అనీ రాశారు. ఏడో తరగతి చదువుతున్న మా మనవడు పత్రిక పట్టుకొచ్చి ‘తాతా, ఇవి మూడు ఆటలా?’ అని అడగబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ మాట ఫ్రెంచిది. దాన్ని ‘ల్యూజ్’ అని పలకాలి. చివరి ధ్వని మనం టెలివిజన్ అన్నప్పుడు పలికే జకారం వంటిది. స్పెల్లింగు (luge) చివర ‘ఇ’ కనబడిందని ‘గే’ అనేస్తే, గ్యారేజీని కూడా ‘గ్యారేగే’ అనవలసి వస్తుంది. ఆల్ప్స్ కొండల్లోని సవాయ్ ప్రాంతంలోనూ, స్విట్జర్లాండులో ఫ్రెంచి మాట్లాడే పల్లెల్లోనూ మంచు మీద జారే చిన్న బండిని అలా పిలిచేవారు. మధ్యయుగపు లాటినులోని ‘స్లూదియా’ అన్న మాట నుంచి అది వచ్చిందనీ, దాని వెనుక నేటి ఫ్రాన్సు ప్రాంతంలో ఒకప్పుడు మాట్లాడిన ప్రాచీన గాలిష్ భాష ఉండవచ్చనీ, ఇంగ్లీషు ‘స్లెడ్’ దానికి దాయాది కావచ్చనీ నిఘంటుకారులు భావిస్తారు. ముందు బండికి ఉన్న పేరే తర్వాత ఆటకూ వచ్చిందన్నమాట.

మా చిన్నతనంలో భీమిలి దారిలోని ఇసుకదిబ్బల పైనుంచి తాటిమట్టల మీద కూర్చుని జారేవాళ్లం. మట్ట అంచుల కరుకు తొడలకు గీరుకుపోతున్నా, కాళ్లు ముందుకు చాపి మడమలతోనే దారి మళ్లించుకునేవాళ్లం. ల్యూజ్ క్రీడాకారుడు వెల్లకిలా పడుకుని, పిక్కలతో బండి కింది కమ్ములను నొక్కుతూ, భుజాలను కదుపుతూ దాన్ని తిప్పుతాడు. బండికి బ్రేకులుండవు, వేగం గంటకు 130 కిలోమీటర్లు దాటుతుంది, గెలుపోటములను సెకనులో వెయ్యో వంతు వరకు లెక్కిస్తారు. బోర్లా పడుకుని తల ముందుకు పెట్టి జారేది స్కెలిటన్. మీరు ఒకసారి ఆ ఫొటోను కూడా ఈ ఆట పేరుతోనే వేశారు.

1883లో స్విట్జర్లాండులోని దావోస్ నుంచి క్లోస్టర్స్ వరకు తొలి అంతర్జాతీయ పోటీ జరిగింది. 1964లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో ఇది ఒలింపిక్ క్రీడ అయింది. మనాలి దగ్గరి కుర్రాడు శివ కేశవన్ 1998లో పదహారేళ్ల వయసులో జపానులోని నగానో ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున బరిలో దిగి, 2018 వరకు వరుసగా ఆరు ఒలింపిక్స్ ఆడాడు. మంచు ట్రాకు లేక, బండికి చక్రాలు బిగించుకుని హిమాలయాల ఘాట్ రోడ్ల మీద లారీల మధ్య సాధన చేశాడాయన. అటువంటివాడు ఆడిన ఆట పేరునైనా మనం సరిగ్గా రాయాలి కదా.

‘మంచు బల్ల’ వంటి అనువాదాల జోలికి పోకుండా, ఇకపై ‘ల్యూజ్’ అని ఒకే తీరుగా రాయమనీ, ఆ మాట మొదటిసారి వచ్చిన చోట అదేమి ఆటో ఒక్క వాక్యంలో చెప్పమనీ కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
మద్దిలపాలెం, విశాఖపట్నం.