ఛానల్‌ది కాదు, డబ్బాది తప్పు

ఎడిటర్ గారికి,

విడి పలకలుగా వచ్చే కిచెన్ క్యాబినెట్లని ఇంట్లోనే బిగించుకోవడం గురించి మీ ఇంటి పేజీలో వేసింది చదివానండి, బాగుంది గానీ ఒక్కచోట ఒప్పుకోబుద్ధి కావట్లేదు. సొరుగు చప్పుడు లేకుండా మెల్లగా మూసుకోవాలంటే ఖరీదైన ఛానల్, అంటే సొరుగు జారే ఇనప పట్టీల జత, కొనాలన్నారు. మంచి ఛానల్ వద్దని నేననను, కానీ దాన్ని బిగించే డబ్బానే, అంటే క్యాబినెట్ చట్రమే, వంకరగా ఉంటే ఎంత పెట్టి కొన్నా దండగే.

ఇలా మెల్లగా మూసుకోవడాన్ని సాఫ్ట్ క్లోజ్ అంటారు, అందులో పెద్ద మాయేం లేదు. సొరుగు చివరి కొద్ది సెంటీమీటర్లలోకి వచ్చాక ఒక స్ప్రింగు దాన్ని అందుకుని లోపలికి లాగుతుంది, పక్కనే నూనె నింపిన బుల్లి పిస్టన్ ఆ వేగాన్ని పట్టి ఉంచుతుంది, అంతే. ఆ స్ప్రింగుకి ఉండే బలమే కొంచెం, రెండు పక్కల ఛానళ్లు సమాంతరంగా లేకపోతే ఆ కాస్తా రాపిడికే పోతుంది, సొరుగు వేలెడు బయటే నిలబడిపోతుంది. ఇంక జనం ఛానల్ పాడైందని తిట్టుకుని కొత్తది వేయిస్తారు, అదీ అక్కడే ఆగుతుంది!

కాబట్టి మొదట చూడాల్సింది డబ్బా మూలమట్టంగా ఉందా లేదా అని. డోవెల్స్ (పలకల్ని కలిపే చిన్న చెక్క మేకులు) పెట్టి క్యామ్ లాకులు (తిప్పితే పలకల్ని బిగించే గుండ్రటి బిళ్లలు) తిప్పేశాక, వెనక పలకకి స్క్రూలు వెయ్యకముందే, టేపు పట్టుకుని ఈ మూల నుంచి ఎదురు మూలకి కొలవాలి, తర్వాత మిగిలిన రెండు మూలల మధ్య. రెండు కొలతలూ ఒకటే అయితే సరే, తేడా వస్తే పొడుగున్న వైపు మూలని లోపలికి నొక్కి మళ్లీ కొలిచి అప్పుడు వెనక పలక బిగించాలి, ఎందుకంటే డబ్బాని కదలకుండా పట్టి ఉంచేది ఆ పల్చటి పలకే, దాన్ని లెక్కచెయ్యకుండా ఏదో ఒకలా కొట్టేస్తుంటారు. క్యాబినెట్‌తో వచ్చే, బిగించే పద్ధతి చూపే షీట్లు నేను చూసినవాటిలో అన్నీ బొమ్మలే, ఈ కొలత సంగతి ఒక్కదాంట్లోనూ లేదు. కంపెనీలు ఇంకో బొమ్మ వేస్తే ఏం పోతుందో!

పక్కలకి బిగించే బాల్ బేరింగ్ ఛానళ్లు మామూలుగా ఒక్కో వైపు 13 మిల్లీమీటర్ల దాకా ఖాళీ అడుగుతాయి, అది తగ్గితే బిగుసుకుంటుంది, మరీ ఎక్కువైతే ఛానల్ బయటికి సాగి వంగుతుంది. ఛానల్‌కి ముందు కోలగా ఉన్న కన్నాల్లో స్క్రూ వేసి, సొరుగు పెట్టి లాగి చూసి, సర్దుకున్నాక గుండ్రటి కన్నాల్లో వెయ్యాలి. సొరుగు అడుగున ఉండే రకానికైతే ముందువైపు కింద రెండు క్లిప్పులుంటాయి, రెండూ టక్కుమని పడాలి, ఒకటే పడితే సొరుగు ఓరగా నడుస్తుంది, చివర్లో మెల్లగా మూసుకోదు. చాలా కంప్లయింట్లు ఆ క్లిప్పు దగ్గరే తేలిపోతాయని నా నమ్మకం.

ఇంకోటి, డ్రిల్ మెషిన్. పార్టికల్ బోర్డులో, అంటే చెక్క పొట్టు జిగురుతో అదిమి చేసిన పలకలో, దాంతో స్క్రూ చివరిదాకా తిప్పితే లోపల పొడి రాలి కన్నం వదులైపోతుంది, ఇంక ఆ స్క్రూ పట్టదు, ఆఖరి చుట్లు చేత్తోనే తిప్పాలి. ఆత్రం ఎక్కువున్నవాళ్లు మెషిన్ పక్కగదిలో పెట్టుకోవడం మంచిది.

ఈసారి వేసేటప్పుడు ఆ మూలల కొలత బొమ్మ గీయించి వేస్తే బాగుంటుందండీ, ఛానల్ ధరల పట్టిక కాస్త చిన్నది చేసైనా సరే.

ఇట్లు,
మీ పాఠకుడు