మన వినియోగదారుల సంఘం వార్షిక నివేదిక, 2024–25

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి వచ్చిన సభ్యులందరికీ నమస్కారం.

తూకాలు, గ్యాస్ డెలివరీ, బీమా క్లెయిముల ఫిర్యాదులు ఎప్పటిలాగే వచ్చాయి. వివరాలు రిజిస్టర్‌లో ఉన్నాయి. ఈసారి ఎక్కువగా చెప్పాల్సింది ఒక టీవీ గురించి.

మన సభ్యురాలు, రిటైర్డ్ టీచరమ్మ గారు, రెండేళ్ల కిందట 43 అంగుళాల స్మార్ట్ టీవీ కొన్నారు. ఆగస్టులో ఒక రాత్రి అది దానంతటదే అప్‌డేట్ అయింది. తెల్లారి వార్తల కోసం ఆన్ చేస్తే తెర నిండా ఇంగ్లీషు షరతులు, కింద ‘అంగీకరిస్తున్నాను’ అనే ఒక్క బటన్. బ్యాక్ నొక్కినా, హోమ్ నొక్కినా కదలదు. సెట్‌టాప్ బాక్స్ పెట్టినా బొమ్మ రాదు. ఆమె కంగారుపడి నొక్కేయలేదు. తెరను ఫోన్లో ఫొటో తీసి, బిల్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తెనాలిలోని మన ఆఫీసుకు వచ్చారు. ఆ రెండూ ఉండబట్టే మనం గట్టిగా మాట్లాడగలిగాం.

నేనూ కోశాధికారి గారూ వెళ్లి చూశాం. చివరిదాకా చదవడానికి రిమోట్‌లో కింది బాణం 61 సార్లు నొక్కాల్సి వచ్చింది. మనం చూసేవన్నీ కంపెనీ నమోదు చేసుకుంటుందట. వాటినిబట్టి ప్రకటనలు వేస్తుందట. తగాదా వస్తే వేరే రాష్ట్రానికి ఆర్బిట్రేషన్‌కు, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకు, వెళ్లాలట. డబ్బు కట్టిన రోజు ఇవేవీ లేవు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, ‘నొక్కేయండి మేడమ్, అందరూ నొక్కుతున్నారు’ అన్నారు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాం. మూడు వారాలకు టెక్నీషియన్ వచ్చి సెట్‌టాప్ బాక్స్ పనిచేసేలా చేశాడు. యాప్‌లు మాత్రం ఇప్పటికీ తెరుచుకోవు. కాబట్టి గెలిచామని రాయలేను.

ఇక్కడ చట్టం సంగతి సభ్యులు గమనించాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(46) ప్రకారం వినియోగదారుడికి నష్టం కలిగించే అసమంజస షరతు పెడితే అది అన్యాయ ఒప్పందం కిందికి రావచ్చు. అలాంటి షరతు చెల్లదని ప్రకటించే అధికారం రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కు ఉంది. గుంటూరులో జిల్లా కమిషన్ ఉంది కదా అని అక్కడ వేస్తే ఈ పాయింటు నిలవదు. ఆర్బిట్రేషన్ షరతు ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్ దారి మూసుకుపోదని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఎమ్మార్ ఎంజీఎఫ్ అనే బిల్డర్ కంపెనీ కేసులో తేల్చింది. 2023 నవంబరు 30న కేంద్రం నిషేధించిన 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లలో, అంటే తెర మీద వినియోగదారుణ్ని మాయచేసే పద్ధతుల్లో, బలవంతపు చర్య కూడా ఒకటి. ఈ పోకడ మన దగ్గర మాత్రమే కాదు. 2024 మొదట్లో అమెరికాలో రోకు అనే కంపెనీ టీవీలు కూడా కొత్త షరతులు ఒప్పుకుంటేనే పనిచేశాయి. ఆర్బిట్రేషన్ వద్దనుకుంటే పోస్టులో ఉత్తరం పంపాలన్నారు.

డిసెంబరు 24న జాతీయ వినియోగదారుల దినోత్సవం ఈ ఏడాది మన గర్వకారణం. అదే టీవీని ఆటోలో తెచ్చి కాలేజీ హాలు వేదిక మీద పెట్టాం. నలుగురు డిగ్రీ అమ్మాయిలు ఆ షరతులన్నీ తెలుగులోకి మార్చి, వంతులవారీగా చదివారు. 34 నిమిషాలు పట్టింది. హాల్లో ఒక్కరూ లేవలేదు. చదవడం అయ్యాక ఒక పెద్దాయన లేచి, ‘ఇంత కథ ఉందా ఆ బటన్ వెనక’ అన్నారు. ఆ పిల్లలకు, హాలు ఇచ్చిన ప్రిన్సిపాల్ గారికి, అద్దె తీసుకోని మైక్ సెట్ యజమానికి, రాత్రికి రాత్రి కరపత్రాలు వేసిచ్చిన ప్రెస్ వారికి, టిఫిన్లు పంపిన మహిళా సభ్యులకు పేరుపేరునా కృతజ్ఞతలు.

మూడుసార్లు ఆహ్వానించినా జిల్లా అధికారి రాలేదు, ప్రతినిధినీ పంపలేదు. ఆదివారం సహాయ కేంద్రంలో కూర్చుంటామని పేర్లిచ్చిన వారిలో ఇద్దరే క్రమం తప్పకుండా వచ్చారు. పనులుంటాయి, కాదనను. రాలేమని ముందురోజు ఫోన్ చేసినా బాగుండేది. వినియోగదారుల కేసులు ఆన్‌లైన్‌లో వేసే ఈ-దాఖిల్ నేర్చుకునే లోపే 2025 జనవరి 1న దాని స్థానంలో ఈ-జాగృతి వచ్చింది. దాన్ని చూసుకోవడానికి కంప్యూటర్ తెలిసిన మనిషి కావాలి.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, ప్రతి జతచేశాం. ఆదాయం సభ్యత్వ రుసుములే, ఖర్చులో ఎక్కువ భాగం ముద్రణది. సందేహాలుంటే కోశాధికారి గారిని అడగవచ్చు.

టీచరమ్మ గారి కేసు రాష్ట్ర కమిషన్‌లో వేయాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. ఆమె సిద్ధంగా ఉన్నారు. ఫీజు తీసుకోకుండా వాదించే న్యాయవాది ఎవరైనా తెలిసి ఉంటే, ఈ రోజు భోజనాలకు లేచేలోపు నాకు చెప్పండి.

మీ
కార్యదర్శి