నర్సాపురంలో నాన్న కళ్ళు చూసిన ఆ అమ్మాయికి

నిన్న రాజమండ్రి నుంచి ఇంటికొచ్చేసరికి రాత్రి పదకొండయ్యింది, ఒళ్ళు హూనమైపోయింది, అయినా ఇవాళే రాసేయాలి, లేకపోతే మళ్ళీ పనుల్లో పడిపోతాను. నాన్న కుడికంటి ప్రెషర్ 36 నుంచి 18 కి దిగిందండి. ఎడమది 30 ఉండేది, ఇప్పుడు 17. మామూలుగా 10 నుంచి 21 లోపు ఉండాలంట. నెల కిందటి దాకా కంటికి కూడా ప్రెషర్ ఉంటుందనే నాకు తెలీదు.

మాది సఖినేటిపల్లి వైపు. నాన్న కాలవ గట్టు మీద సైకిల్ తొక్కుతూ రెండుసార్లు పడ్డారు, పక్కనుంచొచ్చిన బండి కనపడలేదన్నారు. పేపరు మాత్రం శుభ్రంగా చదువుతున్నారు కదా, వయసైపోయింది అందుకే అనుకున్నాం మేమంతా. ఏడాదిలో మూడుసార్లు ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేం, మూడుసార్లూ పొద్దున్నించీ లైన్లో కూర్చోబెట్టి, పొర ఇంకా ముదరలేదు, పవర్ మారింది, కళ్ళజోడు మార్చండి అని రెండు నిమిషాల్లో పంపించేసేరు. ప్రెషర్ చూసిన పాపాన పోలేదు. ఎంతసేపండీ ఆ పరీక్ష, కంట్లోకి ఫుస్సుమని గాలి కొడుతుంది అంతే, ఐదు నిమిషాలు కూడా పట్టదు! అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు మండిపోతోంది.

పంటు, అదే గోదావరి దాటించే పెద్ద పడవ, ఎక్కి నర్సాపురం వెళ్ళింది కూడా కళ్ళజోడు కోసమే. ఒక్క గది క్లినిక్. కంటి చూపు పరీక్ష చేసి కళ్ళజోడు రాసే ఆప్టోమెట్రిస్ట్ అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో. నాన్న మాటల్లో సైకిల్ సంగతి చెప్తే, అందరం ఊఁ కొట్టి వదిలేసిన మాట, ఆ అమ్మాయి చేస్తున్న పని ఆపేసి "ఏ వైపుకి పడ్డారు బాబాయ్ గారూ?" అని అడిగింది. రెండుసార్లూ కుడివైపే. అప్పుడు ప్రెషర్ చూసింది, ఇంకో మిషన్ మీద మళ్ళీ చూసింది, లైటేసి కంటి నరం చూసింది. నరం మధ్యలో చిన్న గుంట లాంటిది అందరికీ ఉంటుందంట, నాన్నది బాగా పెద్దదైపోయింది. గ్లాకోమా, మన పెద్దాళ్ళు నీటికాసులు అంటారే అది. నొప్పుండదు, ముందు పక్క చూపు పోతుంది, పోయింది మళ్ళీ రాదు, ఉన్నది కాపాడుకోవాలి అని మెల్లిగా చెప్పింది.

ఇంట్లో ఏమైనా చుక్కలు వాడుతున్నారా అనడిగితే అమ్మ సంచిలోంచి సీసా తీసింది. దాళ్వా నూర్పుల్లో ధూళి పడి కన్ను ఎర్రబడితే మెడికల్ షాపులో ఇచ్చేరు, చల్లగా ఉందని నాన్న నెలల తరబడి వేసుకుంటున్నారు. అది స్టెరాయిడ్ అంట, దానివల్ల కూడా ప్రెషర్ పెరుగుతుందంట. చీటీ లేకుండా అలాంటివి ఎలా ఇచ్చేస్తారండీ? దయచేసి మీ ఇళ్ళల్లో ఉంటే డాక్టరుకి చూపించండి.

ఆ అమ్మాయే అప్పటికప్పుడు రాజమండ్రి డాక్టరుగారికి ఫోన్ చేసి మర్నాటికి అపాయింట్‌మెంట్ తీసుకుంది. కళ్ళజోడు ఇప్పుడొద్దు, డబ్బులు మందులకి ఉంచుకోండి అంది. అది తన వ్యాపారం కదా! తర్వాత నీళ్ళలాంటి ఉత్త చుక్కల సీసా ఇచ్చి కింద రెప్ప లాగి ఎలా వెయ్యాలో, వేసేక ముక్కు పక్కన కంటి కొసని రెండు నిమిషాలు ఎలా నొక్కి పట్టుకోవాలో అమ్మ చేత్తో వచ్చేదాకా చేయించింది, అమ్మ చెయ్యి వణుకుతుంటే ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

మేం పంటు కోసం తొందరపడి లేస్తుంటే, "మీరు కూర్చోండి అక్కా, ఇది రక్తసంబంధంలో వస్తుంది, మీవి కూడా చూస్తాను" అంది. అంతే, ఆ కుర్చీలో కూర్చుని భోరుమని ఏడ్చేసేను. ఎందుకో తెలీదు. ఎన్నాళ్ళ నుంచో నన్ను కూర్చోమన్నవాళ్ళు లేరు. ఆ పిల్ల ఏమీ అనకుండా లైటు ఆపేసి, మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టి, నేను సర్దుకునేదాకా నిలబడింది. నాకు ప్రెషర్ 16 ఉంది, ఏడాదికోసారి చూపించుకోవాలి. చిన్నాన్నా, అత్తా, ఇది చదువుతుంటే మీరు కూడా వెళ్ళండి.

పేరు రాయొద్దంది, అందుకే రాయట్లేదు. అమ్మా, నీ రుణం తీర్చుకోలేనిది.

తమ్ముడు డబ్బులు పంపేడు, మా ఆయన పిల్లల్ని చూసుకున్నారు, అమ్మ సంగతి చెప్పేదేముంది.

రాజమండ్రి డాక్టరుగారికీ, చుక్క వెలుగు కనపడగానే బటన్ నొక్కే పరీక్షలో నాన్న కంగారుపడితే ఓపిగ్గా మళ్ళీ మొదట్నించి చేయించిన సిస్టర్‌కీ థాంక్సండి. అయ్యో, ఆటో అతన్ని మర్చిపోయేను, రావులపాలెం దాకా తెల్లారుజామున తీసుకెళ్ళేడు. పంటు ఆపినవాళ్ళకి కూడా. ఇంకా, రాత్రి వేసే మందు సీసా తెరిచేదాకా ఫ్రిజ్‌లో ఉండాలన్నారు, మొదటిరోజు కరెంటు లేదు, నర్సాపురం చేపల మార్కెట్లో ఒకావిడ అడగ్గానే ఫ్లాస్కు నిండా ఐస్ వేసి ఇచ్చింది, హడావుడిలో డబ్బులు కూడా ఇవ్వలేదు, బుధవారం అటు వెళ్తాను, ఇస్తాను.