హంద్రీ కంపుకు బ్లీచింగ్ పౌడర్ మందు కాదు

కర్నూలులో హంద్రీ నది ఒడ్డున మురుగు కంపు భరించలేనంతగా ఉంటే, దానికి చేస్తున్న వైద్యమంతా కాలువల వెంట బ్లీచింగ్ పౌడర్ చల్లడమే. పెద్దలెవరైనా వస్తున్నారంటే ముందురోజు తెల్లగా చల్లుతారు, వాళ్లు వెళ్లాక మళ్లీ అదే వాసన. 1858 ఎండాకాలంలో లండన్‌లోనూ మొదట ఇదే చేశారు. థేమ్స్ నది కంపు తట్టుకోలేక పార్లమెంటు కిటికీ తెరలను సున్నపు క్లోరైడ్, అంటే ఇదే బ్లీచింగ్ పౌడర్, కలిపిన నీళ్లతో తడిపారు. లాభం లేకపోయేసరికి కొన్ని వారాల్లోనే చట్టం చేసి, నగరం కింద పెద్ద మురుగు కాలువలు కట్టించారు. చెడు వాసనే కలరా తెస్తుందన్న అప్పటి నమ్మకం తప్పే, కానీ మురుగు తాగునీటిలో కలవకుండా చేసి ఆ కాలువలు మాత్రం ప్రాణాలు కాపాడాయి. మన దగ్గర కంపు తగలగానే కోపం మురుగు మీదికి పోదు, దాన్ని ఎత్తే మనిషి మీదికి పోతుంది. పారిశుద్ధ్య కార్మికులు టీ బంకు దగ్గర నిలబడితే పక్కకు జరిగేవాళ్లను చూస్తూనే ఉన్నాను. ఆ వాసన మన ఇళ్లదే కదా! మ్యాన్‌హోల్‌లో మురుగు నుంచి పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు బాగా పెరిగితే ముక్కు దాన్ని పసిగట్టడమే మానేస్తుంది, ప్రాణాలు పోయేది అక్కడే. రక్షణ లేకుండా మనిషిని దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది కూడా. హంద్రీలో కలిసే ప్రతి మురుగు కాలువనూ శుద్ధి కేంద్రానికి మళ్లించాలి. పూడిక యంత్రాలతోనే తీయించాలి. పని ముగిశాక కార్మికులు స్నానం చేసి బట్టలు మార్చుకోవడానికి ప్రతి వార్డులో ఒక గది కట్టించాలి.

– ఒక పాఠకుడు, కర్నూలు